డిశ్చార్జి చీటీతో బాధ్యత తీరదు

రోగిని ఆస్పత్రి నుంచి ఇంటికి పంపిన రోజునే వైద్యం పూర్తయిన రోజుగా మన ప్రభుత్వాలు లెక్క రాసుకుంటాయి. మంచం ఖాళీ అవుతుంది, రిజిస్టరులో పేరు పక్కన టిక్కు పడుతుంది, పని అయిపోతుంది. అపెండిక్సు ఆపరేషనుకు ఈ లెక్క సరిపోతుందేమో గాని ఊపిరితిత్తుల జబ్బుకు సరిపోదు. డాక్టర్లు సి.ఓ.పి.డి. అనీ, మన ఊళ్ళలో దమ్ము అనీ ఆయాసం అనీ పిలుచుకునే ఈ జబ్బులో గాలి గొట్టాలు సన్నబడతాయి, గాలి తిత్తుల గోడలు చెడిపోతాయి. చెడిన భాగం మళ్ళీ బాగుపడదు. దమ్ము ముదిరి ఆస్పత్రిలో చేరితే నాలుగైదు రోజులు ఆక్సిజన్ పెట్టి, నెబ్యులైజర్ పట్టి, స్టెరాయిడ్లు ఇచ్చి గండం గట్టెక్కిస్తారు. అసలు పరీక్ష ఇంటికి వెళ్ళిన తర్వాతి వారాల్లోనే మొదలవుతుంది.

అమెరికాలో ఈ జబ్బుతో చేరి ఇంటికి వెళ్ళిన వృద్ధుల్లో దాదాపు ఐదుగురిలో ఒకరు నెల తిరక్కుండానే మళ్ళీ ఆస్పత్రిలో చేరుతున్నారని తేలింది. 2014 అక్టోబరు నుంచి అక్కడ, అలా తిరిగి వచ్చేవాళ్ళు మితిమీరితే ఆ ఆస్పత్రికి ప్రభుత్వ బీమా చెల్లించే డబ్బులో కోత పెడుతున్నారు. ఆ పద్ధతిలోని మంచిచెడ్డలు వేరే చర్చ. మనం చూడవలసింది ఒక్కటే: అక్కడ కనీసం లెక్క పెడుతున్నారు. జనగామ నుంచో, మహబూబాబాద్ నుంచో, భూపాలపల్లి నుంచో దమ్ముతో ఆస్పత్రిలో చేరి ఇంటికి వచ్చిన ఆడమనిషి ముప్ఫై రోజుల తర్వాత ఎట్లా ఉన్నదో చెప్పవలసిన బాధ్యత ఎవరి మీద ఉన్నది? ఆ ప్రశ్నతోనే ఈ వ్యాసం.

ఈ మూడు జిల్లాలూ 2016 అక్టోబరులో పాత వరంగల్ జిల్లా నుంచి విడివడినవి. అప్పటిదాకా పెద్ద జబ్బు వస్తే వరంగల్ ఎం.జి.ఎం. ఆస్పత్రే దిక్కు. 2022లో మహబూబాబాద్‌లో, 2023లో జనగామలోనూ భూపాలపల్లిలోనూ ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. మంచిదే, వాటిని మనం కోరుకున్నాం. కాని కాలేజీ జిల్లా కేంద్రంలో ఉంటుంది, రోగి తండాలో ఉంటుంది. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్ళకు బస్సు టికెట్టు లేదు. అయితే నాలుగడుగులు వేస్తే రొప్పు వచ్చే మనిషి బస్సు వచ్చే రోడ్డు దాకా ఎట్లా నడవాలి?

దీనికి జవాబుగా ఇప్పుడు ఫోను చూపిస్తున్నారు. 2020 మార్చి 25న కేంద్రం టెలిమెడిసిన్‌కు మార్గదర్శకాలు విడుదల చేసింది. అంతకు కొన్ని నెలల ముందు, 2019 నవంబరులో, ఈ-సంజీవని మొదలైంది. ఉపకేంద్రంలో ఉన్న ఆరోగ్య కార్యకర్త తెర మీద డాక్టరును కలిపితే రోగి అక్కడే మాట్లాడవచ్చు; ఇంటి నుంచి నేరుగా మాట్లాడే ఏర్పాటు 2020 ఏప్రిల్‌లో వచ్చింది. దూరాన ఉన్న రోగికి దూరం నుంచే వైద్యం అనే ఆలోచనను మనం తోసిపుచ్చటం లేదు. దమ్ము రోగిని ప్రతి నెలా అరవై డెబ్బై కిలోమీటర్లు తిప్పకుండా ఉండటం నిజంగా మేలే. మన అభ్యంతరం ఫోను మీద కాదు. ఫోనుతో మొదలై ఫోనుతోనే ముగిసే వైద్యం మీద.

ఈ జబ్బు ఎవరిది?

దమ్ము అనగానే బీడీ తాగే ముసలాయన గుర్తుకొస్తాడు. ఆ బొమ్మ సగం అబద్ధం. కట్టెలు, పిడకలు, పత్తి కట్టె ఊది ఊది వంట చేసిన ఆడవాళ్ళ ఊపిరితిత్తులు ఒక్క బీడీ కూడా ముట్టకుండానే చెడిపోతాయి. దీని మీద మిరప కల్లాల్లో ఘాటు, క్వారీల్లో రాతి దుమ్ము, భూపాలపల్లి చుట్టూ బొగ్గు గనుల దుమ్ము. టి.బి. తగ్గినా మచ్చలు పడిన ఊపిరితిత్తులతో మిగిలినవాళ్ళు ఇంకొందరు. మన దేశంలో 1990లో 2 కోట్ల 81 లక్షల మందికి ఉన్న సి.ఓ.పి.డి. 2016 నాటికి 5 కోట్ల 53 లక్షల మందికి చేరింది. ప్రపంచ జనాభాలో మన వాటా దాదాపు 18 శాతం. దీర్ఘకాలిక శ్వాస జబ్బుల వల్ల ప్రపంచం కోల్పోతున్న ఆరోగ్యకరమైన జీవితకాలంలో మన వాటా 32 శాతం. 2021లో ప్రపంచమంతటా ఈ ఒక్క జబ్బుతో 35 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తున్నది.

అయినా ఆడమనిషి ఆయాసంతో వెళితే మొదటి ప్రశ్న, "బీడీ తాగుతవా అమ్మా?" లేదంటే ఆస్తమా అని రాసి పంపటం, నీరసమనో నెమ్ము అనో రాసి పంపటం. గొట్టంలోకి గట్టిగా ఊదించి ఊపిరితిత్తుల శక్తిని కొలిచే స్పైరోమెట్రీ పరీక్ష చేస్తే తప్ప ఈ జబ్బు కచ్చితంగా తేలదు. జబ్బు పేరే తేలని మనిషికి డిశ్చార్జి తర్వాత ఏ మందు ఇస్తారు? దేని గురించి ఫోను చేస్తారు?

చట్టం కూడా ఇక్కడ ఆడవాళ్ళ పట్ల గుడ్డిదే. గనిలో పనిచేసిన మనిషికి బొగ్గు దుమ్ము వల్ల ఊపిరితిత్తుల జబ్బు వస్తే అది వృత్తి వ్యాధి, నష్టపరిహారానికి చట్టం ఉన్నది. 1995 జనవరిలో ఆస్బెస్టాస్ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు, కార్మికుడి ఆరోగ్యం 21వ అధికరణం కింద ప్రాథమిక హక్కు అని చెప్పింది. పని మొదలుపెట్టిన నాటి నుంచి 40 ఏళ్ళ పాటు, లేదా పని మానిన తర్వాత 15 ఏళ్ళ పాటు, ఏది ఎక్కువైతే అంతకాలం అతని ఆరోగ్య రికార్డు దాచాలని ఆదేశించింది. అంటే ఊపిరితిత్తుల జబ్బు మనిషి గేటు దాటగానే ముగిసిపోదని మన అత్యున్నత న్యాయస్థానం ముప్ఫై ఏళ్ళ కిందటే గుర్తించింది. మరి అదే కార్మికుడికి అన్నం వండిపెట్టి, అతని దుమ్ము బట్టలు ఉతికి, నలభై ఏళ్ళు పొయ్యి ఊదిన అతని భార్య సంగతి? ఆమెది పని కాదు కనుక ఆమెది వృత్తి వ్యాధి కాదు! ఆమె రికార్డు ఏ ఆఫీసులోనూ లేదు.

ఇల్లు ఆస్పత్రి కాదు

"ఇంటి వద్దనే సంరక్షణ" అనే మాట వినటానికి చల్లగా ఉంటుంది. ఏ ఇంట్లో? ఎవరి సంరక్షణ? మగవాడు దమ్ముతో ఆస్పత్రి నుంచి వస్తే ఆ ఇంట్లో నర్సు ఉన్నది. ఆమె పేరు భార్య. వేళకు మందు ఇస్తుంది, పీల్చే మందు పట్టిస్తుంది, రాత్రంతా వీపు నిమురుతూ కూర్చుంటుంది, మర్నాడు పొద్దున కూలికి పోతుంది. ఆమె జీతం సున్న. ఆడమనిషే రోగి అయితే నర్సు లేదు. కోడలో, బడి మాన్పించిన కూతురో ఆ పని చేస్తుంది; వాళ్ళూ లేకపోతే రోగి తనకు తానే చేసుకుంటుంది, మిగతావాళ్ళందరికీ వండి కూడా పెడుతుంది. ఆస్పత్రి మంచం నుంచి దించిన చాకిరీ ఎక్కడికీ పోలేదు. ఇంట్లో ఆడవాళ్ళ నెత్తికెక్కింది. అంతే.

పైగా ఈ జబ్బులో ఇల్లే జబ్బుకు మూలం. పొయ్యి పొగతో చెడిన ఊపిరితిత్తులను నాలుగు రోజులు కడిగి, తిరిగి అదే పొయ్యి దగ్గరకు పంపిస్తున్నాం. 1999లో దీపం పథకం వచ్చింది, 2016లో ఉజ్జ్వల వచ్చింది, 2024 ఫిబ్రవరిలో రాష్ట్ర ప్రభుత్వం 500 రూపాయల సిలిండరు ప్రకటించింది. కనెక్షను ఇవ్వటం ఒకటి, సిలిండరు అయిపోయిన ప్రతిసారీ నింపుకోగలగటం మరొకటి. ముందు పూర్తి ధర కట్టి తర్వాత వచ్చే రాయితీ కోసం చూడాలంటే, కూలి దొరకని నెలలో ఆ డబ్బు ఎక్కడిది? సిలిండరును చాయకూ చుట్టాలకూ దాచుకుని రోజువారీ అన్నం, పశువుల దాణా, నీళ్ళు కాయటం కట్టెల మీదే సాగించే ఇళ్ళు మనందరికీ తెలుసు.

ఆక్సిజన్ సంగతి ఇంకా ఘోరం. విశ్రాంతిగా ఉన్నప్పుడు కూడా రక్తంలో ఆక్సిజన్ బాగా తగ్గి, 88 శాతమో అంతకంటే తక్కువో ఉండే రోగికి రోజుకు కనీసం 15 గంటలు ఆక్సిజన్ పెడితే ఆయుష్షు పెరుగుతుందని 1980, 1981లలోనే అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ జరిగిన పరిశోధనలు రుజువు చేశాయి. ఆక్సిజన్ ఉన్నచోట మంట ఉండకూడదు. ముక్కుకు గొట్టం పెట్టుకున్న మనిషి పొయ్యి దగ్గరకు వెళితే నిప్పంటుకుంటుంది. పదిహేను గంటలు పొయ్యికి దూరంగా కూర్చోగలిగే ఆడమనిషి మన ఊళ్ళలో ఎంతమంది? ఆ పూట వంట ఎవరు చేస్తారన్నది ఏ డిశ్చార్జి చీటీలోనూ రాయరు. కాని ఆమె బతుకు ఆ ప్రశ్న మీదే ఆధారపడి ఉన్నది.

ఇక కరెంటు. గాలి నుంచి ఆక్సిజన్ తీసే యంత్రం, కాన్‌సన్‌ట్రేటర్, చిన్నదైనా సుమారు 300 వాట్లు లాగుతుంది. రోజుకు 15 గంటలు నడిస్తే నాలుగున్నర యూనిట్లు, నెలకు 135 యూనిట్లు. గృహజ్యోతి కింద 200 యూనిట్ల దాకా ఉచితం. దాటితే మొత్తం బిల్లు కట్టాలి. ఇంట్లో ఒక ఫ్యాను, రెండు బల్బులు, ఒక టీవీ ఉన్నా చాలు, ఎండాకాలంలో ఊపిరి యంత్రం ఆ గీత దాటిస్తుంది. 2021 ఏప్రిల్‌లో కోవిడ్ ముంచుకొచ్చినప్పుడు పి.ఎం. కేర్స్ నిధి నుంచి లక్ష కాన్‌సన్‌ట్రేటర్లు కొంటామని ప్రకటించారు. ఇంకెన్నో విరాళంగా వచ్చాయి. మన మూడు జిల్లాలకు వచ్చినవి ఎన్ని? పనిచేస్తున్నవి ఎన్ని? వాటిలో దమ్ము రోగి ఇంటికి అప్పుగా ఇచ్చినవి ఎన్ని? లెక్క చెప్పమని అడిగే హక్కు మనకున్నది.

ఫోను ఎవరి చేతిలో ఉంది?

ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం, తాము సొంతంగా వాడుకునే మొబైల్ ఫోను ఉన్న ఆడవాళ్ళు దేశంలో 54 శాతం. తెలంగాణలో ఎప్పుడైనా ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడిన ఆడవాళ్ళు 26.5 శాతమే. ఈ లెక్క 15 నుంచి 49 ఏళ్ళ వాళ్ళది. దమ్ము ముదిరేది ఆ తర్వాతి వయసులో. అంటే ఈ వైద్యం అవసరమైన అవ్వలను ఆ సర్వే అడగనే లేదు. ఆ తర్వాత ఫోన్లు పెరిగాయంటారు. పెరిగాయి, ఇంటికి ఒకటి చొప్పున. అది కొడుకు జేబులో పొలానికో పట్నానికో పోతుంది. డాక్టరు ఫోను చేసినప్పుడు "మా అమ్మ మంచిగనే ఉన్నది సార్" అని జవాబిచ్చేది పక్క ఊళ్ళో ఉన్న కొడుకు. ఆ మాటే రికార్డుకెక్కుతుంది.

భాష సంగతి చూడండి. మహబూబాబాద్ తండాల్లో లంబాడీ అవ్వ తన బాధ తన మాటలో చెప్తే తెర అవతలి డాక్టరుకు అర్థం కావాలి. భూపాలపల్లి అడవి ఊళ్ళలో కోయ మాట ఉన్నది. ఏకాంతం సంగతి మరీ చెప్పనక్కరలేదు. స్పీకరు పెట్టి, అత్త, మొగుడు, పక్కింటివాళ్ళు చుట్టూ నిలబడి ఉండగా "సిలిండరుకు పైసలిస్తలేరు" అని ఎవరు చెప్పగలరు?

వేలికి తొడిగే ఆక్సిమీటరునూ గుడ్డిగా నమ్మలేం. నల్లని చర్మం ఉన్నవారిలో అది అసలు ఉన్నదానికంటే ఎక్కువ ఆక్సిజన్ చూపించవచ్చు. 2020 డిసెంబరులో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో, ఆక్సిమీటరు కనిపెట్టలేకపోయిన ఆక్సిజన్ కొరత తెల్లవారిలో కంటే నల్లవారిలో దాదాపు మూడు రెట్లు ఎక్కువగా కనిపించింది. ఎండలో కమిలి, పని చేసి కాయలు కాసిన వేలు చూపించే అంకెను దూరాన కూర్చుని చదివి "బాగానే ఉన్నది" అనటం ప్రమాదం. పక్కన మనిషి ఉండి పెదవుల రంగు చూడాలి, కాళ్ళ వాపు చూడాలి, మాట పూర్తి చెయ్యగలుగుతున్నదా లేదా చూడాలి.

స్కాట్లండ్‌లో 256 మంది సి.ఓ.పి.డి. రోగులతో చేసిన పరిశోధన ఫలితం 2013లో వెలువడింది. ఇంట్లో యంత్రాలు పెట్టి రోజూ దూరం నుంచి గమనించినా, మళ్ళీ ఆస్పత్రిలో చేరటం వెనక్కు జరగలేదు. ఆ యంత్రాలు లేనివాళ్ళకూ అదే స్థాయి వైద్యం అందింది. అంతకుముందు కొన్నిచోట్ల కనిపించిన మేలు బహుశా యంత్రంది కాదు, దాని వెనక పెరిగిన నర్సుల సేవది. ఇది మనం నూరుసార్లు చెప్పవలసిన మాట. యంత్రం వార్త మోసుకుపోతుంది. విని కదిలేవాళ్ళు లేకపోతే ఆ వార్త గాలికే.

సలహా ఉన్నది, మందు ఏది?

తెర మీద డాక్టరు పీల్చే మందు రాశారనుకుందాం. సాల్బుటమాల్, బుడెసొనైడ్, టియోట్రోపియం ఇన్‌హేలర్లు 2022 జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉన్నాయి. జాబితాలో ఉంటే చాలదు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం అలమరలో ఉండాలి. లేకపోతే రోగి బయట కొనాలి. కొనలేకపోతే ఊళ్ళో ఆర్.ఎం.పి. దగ్గర ఇంజెక్షను వేయించుకుని ఆ రాత్రి గడుపుతుంది. ఇన్‌హేలరు ఇచ్చినా ఎట్లా పీల్చాలో చేత్తో పట్టి, ఒకటికి నాలుగుసార్లు చేయించి చూపాలి. లేకపోతే మందు నాలుక మీదే ఉండిపోతుంది.

2008లో ఉమ్మడి రాష్ట్రంలో నెలకొకసారి దీర్ఘకాలిక జబ్బులకు మందులతో ఊరికి వచ్చే 104 బండి మొదలైంది. దానిలో లోపాలెన్నో ఉండేవి. అయినా ఫలానా తేదీన బండి వస్తుందని ముసలివాళ్ళకు తెలిసేది. తెలంగాణలో ఆ బండ్లను తర్వాత ఆపేశారు. 2022 మార్చిలో, అంతకు మూడేళ్ళ ముందు భూపాలపల్లి నుంచి విడిపోయిన ములుగులోనూ, సిరిసిల్లలోనూ ఇంటింటికీ తిరిగి ఆరోగ్య వివరాలన్నీ కంప్యూటరుకెక్కించే పని మొదలుపెట్టారు. ఆశ కార్యకర్తలు నింపే ఫారంలోనూ ప్రశ్నలున్నాయి: ఊపిరాడటం కష్టమవుతున్నదా? వంటకు ఏది కాలుస్తారు? పొగ, దుమ్ము ఉన్నచోట పని చేస్తారా? మంచి ప్రశ్నలే. జవాబులు పైకి పోతున్నాయి. కిందికి ఏమి వస్తున్నది?

టి.బి. రోగిని చూడండి. ఆమెకు రిజిస్టరులో పేరున్నది, మందు ఉచితం, వెతుక్కుంటూ వచ్చే మనిషి ఉన్నది, 2024 నవంబరు నుంచి పోషణకు నెలకు వెయ్యి రూపాయలు ఇవ్వాలని ఉన్నది. లోపాలు అక్కడా ఉన్నాయి గాని ఒక ఏర్పాటంటూ ఉన్నది. అదే మనిషి టి.బి. తగ్గి, మచ్చలు పడిన ఊపిరితిత్తులతో మెట్లు ఎక్కలేని స్థితిలో మిగిలితే, "నయమైంది" అని రాసి పేరు కొట్టేస్తారు. ప్రభుత్వం తలచుకుంటే రోగిని ఇంటి దాకా వెంబడించగలదని టి.బి. కార్యక్రమమే రుజువు. కనుక "సాధ్యం కాదు" అనే మాట మాతో అనవద్దు.

"అన్నిటికీ ఆశ కార్యకర్తలున్నారు కదా" అంటారు. గర్భిణులు, టీకాలు, టి.బి., బి.పి., షుగరు, సర్వేలు అన్నీ వాళ్ళ మీదే. 2023లో వాళ్ళు నెలకు 18 వేల స్థిర వేతనం కోసం రోడ్డెక్కారు. పని ప్రభుత్వానిది, పేరు స్వచ్ఛంద సేవ! ఇంట్లో చాకిరీకి జీతం లేదు, ఊళ్ళో చాకిరీకి సరైన జీతం లేదు. దూరవైద్యం ఈ రెండు చాకిరీల మీద నిలబడేటట్లయితే అది ఆడవాళ్ళ శ్రమను దోచుకునే మరో పద్ధతి తప్ప మరొకటి కాదు.

మనం అడిగేవి

ఒకటి: డిశ్చార్జి చీటీ తెలుగులో ఉండాలి. ఏ మందు ఎప్పుడు, ఏ లక్షణం కనిపిస్తే వెంటనే రావాలి, ఎవరికి ఫోను చెయ్యాలి అన్నవి పేరుతో సహా రాసి, రోగి మాట్లాడే భాషలో చదివి వినిపించాలి.

రెండు: ఇంటికి పంపిన మూడు రోజుల్లో ఫోను, రెండు వారాల్లో ఏ.ఎన్.ఎం. ఇంటికి రావటం తప్పనిసరి చెయ్యాలి. ఫోనులో రోగితోనే మాట్లాడాలి, కొడుకుతో కాదు.

మూడు: ముప్ఫై రోజుల్లో తిరిగి చేరినవాళ్ళు, చనిపోయినవాళ్ళు ఎందరో, ఆడ మగ విడివిడిగా, ప్రతి జిల్లా ప్రకటించాలి.

నాలుగు: స్పైరోమెట్రీ ప్రతి జిల్లా ఆస్పత్రిలో, ఇన్‌హేలర్లు ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఉండాలి. ఫోనులో రాసిన మందు ఊరి ఉపకేంద్రానికే చేరాలి.

ఐదు: అవసరమైన ఇంటికి కాన్‌సన్‌ట్రేటరు అప్పుగా ఇచ్చి, దానికయ్యే కరెంటును 200 యూనిట్ల లెక్క నుంచి తీసెయ్యాలి. కరెంటు పోతే ఆదుకోవటానికి సిలిండరు ఉండాలి.

ఆరు: ఊపిరితిత్తుల రోగి ఉన్న ఇంటికి గ్యాసు ముందు డబ్బు కట్టకుండానే అందాలి. పొయ్యి పొగ వల్ల వచ్చిన జబ్బును కేసు షీటులో ఆ పేరుతోనే రాయాలి.

ఏడు: ఆశ కార్యకర్తలను ప్రభుత్వ ఉద్యోగులుగా గుర్తించి, ఈ పనికి శిక్షణా జీతమూ ఇవ్వాలి.

ఇవి గొంతెమ్మ కోరికలు కావు. పదే పదే ఆస్పత్రిలో చేరే రోగికయ్యే ఖర్చు ముందు ఇన్‌హేలరు ఖర్చు ఎంత? అయినా మన వాదన ఖర్చు మీద ఆధారపడదు. పనికొచ్చినంతకాలం పొయ్యి దగ్గర, చేను దగ్గర, గని దగ్గర ఊపిరిని ధారపోసిన మనిషికి చివరి కాలంలో ఊపిరాడేటట్లు చూడటం దయ కాదు, బాకీ. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తాను పండించిన గింజ మీద హక్కు కోసం నిలబడిన నేల ఇప్పటి జనగామ జిల్లాలోనే ఉన్నది. గింజ మీద హక్కున్నట్టే ఊపిరి మీదా హక్కున్నది. మీ ఊళ్ళో దమ్ముతో ఆస్పత్రికి పోయి వచ్చిన ఆడవాళ్ళు ఎందరో రాసిపెట్టండి. ఎవరికి ఫోను వచ్చింది, ఎవరికి మందు అందింది, ఎవరింటికి మనిషి వచ్చింది, విడివిడిగా రాయండి. ఆ కాగితం పట్టుకుని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి, అక్కడ జవాబు రాకపోతే కలెక్టరు ప్రజావాణికి కలిసి వెళదాం. లెక్క వాళ్ళు పెట్టకపోతే మనమే పెడదాం.